హైదరాబాద్ రంజీ జట్టు: 1987 తర్వాత కప్పు ఎందుకు రాలేదు?

ఉప్పల్_నార్త్‌స్టాండ్

నాగ్‌పూర్ మ్యాచ్ నాకు ఇంకా మింగుడు పడటం లేదు. 2025 జనవరి 30న మొదలైంది. అదే రోజు ఢిల్లీలో కోహ్లీ రంజీ ఆడుతున్నాడని దేశమంతా అటే చూసింది. మనవాళ్లు విదర్భను వాళ్ల సొంత ఊళ్లో 190కి ఆలౌట్ చేశారు. తర్వాత 326 కొట్టారు. అంటే 136 పరుగుల లీడ్. రెండో ఇన్నింగ్స్‌లో విదర్భ 355 చేసింది. మనకు 220 కావాలి. 161కే చాప చుట్టేశాం. 58 పరుగుల తేడాతో పోయింది. అదే విదర్భ నెల తిరిగేసరికి రంజీ కప్పు ఎత్తింది.

కప్పు కొట్టిన జట్టును మొదటి రెండు రోజులు ఒక ఆట ఆడించాం. మూడు, నాలుగు రోజుల్లో చేతులెత్తేశాం. ఇది ఒక్క మ్యాచ్ సంగతి అయితే ఇక్కడ టాపిక్ పెట్టేవాణ్ణి కాదు. 1937-38లో ఒకసారి, 1986-87లో ఒకసారి గెలిచాం. ఆ తర్వాత ఫైనల్ ఆడింది 1999-2000లో ఒక్కసారే. ఈలోగా రాజస్థాన్, గుజరాత్, విదర్భ, సౌరాష్ట్ర, మధ్యప్రదేశ్ గెలిచేశాయి. కేరళ ఫైనల్ దాకా వెళ్లింది.

లోపం ఎక్కడ ఉందంటారు? హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌ను తిట్టి ఊరుకోవద్దు, ఆట గురించి కూడా రాయండి.


పాత_జింఖానా

మంచి టాపిక్ పెట్టావు తమ్ముడూ. నేను అరవై దాటినవాణ్ణి, కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను.

1987లో గెలిచింది ఢిల్లీ కోట్లా స్టేడియంలో, ఢిల్లీ మీద, డ్రా అయిన ఫైనల్లో మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో. కెప్టెన్ ఎం.వి. నరసింహారావు. ఆ సీజన్‌లోనే అబ్దుల్ అజీమ్ తమిళనాడు మీద 303 నాటౌట్ కొట్టాడు. అజీమ్ బ్యాటింగ్ చూసినవాళ్లు మర్చిపోరు. ఇండియా క్యాప్ మాత్రం రాలేదు. 2023లో పోయాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. హైదరాబాద్ ఒకప్పుడు రంజీని ఏలిందని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. ఏలలేదు. తొంభై ఏళ్ల చరిత్రలో రెండు కప్పులు. జైసింహా కెప్టెన్‌గా ఉన్న ఆ పొడుగాటి కాలంలో కూడా ఒక్క కప్పు రాలేదు. పటౌడీ నవాబు, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ అంతా ఉన్న జట్టు అది. 1971లో వెస్టిండీస్ వెళ్లిన ఇండియా టీమ్‌లో మనవాళ్లు ఐదుగురు: జైసింహా, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, గోవిందరాజ్, జయంతిలాల్. ఒక్క ఊరి నుంచి ఐదుగురు! అయినా రంజీ రాలేదు. ఇండియాకు ఆటగాళ్లను ఇవ్వడం మనకు వచ్చు. నాలుగు రోజులు కలిసి ఆడి గెలిచే జట్టును కట్టడం మాత్రం అప్పుడూ అరుదే.


స్కోర్‌బుక్

జింఖానా సార్, మీరంటే గౌరవం. కానీ ఈ మాట పూర్తిగా ఒప్పుకోలేను.

1958-59 నుంచి 1972-73 దాకా వరసగా పదిహేను సార్లు బొంబాయే గెలిచింది. ఆ పదిహేనేళ్లలో కప్పు ఇంకెవరికీ రాలేదు, ఒక్క హైదరాబాద్‌కే కాదు. దానికి తోడు 2002 దాకా టోర్నీ జోన్లవారీగా ఉండేది. మన సౌత్ జోన్‌లో కర్ణాటక, తమిళనాడు ఉండేవి. వాటిని దాటుకుని నాకౌట్‌కు రావడమే పెద్ద పని. అలాంటి రోజుల్లో 1964-65 ఫైనల్ ఆడటం చిన్న విషయం కాదు.

నా లెక్కలో అసలు జారుడు 2000 తర్వాతే. లక్ష్మణ్ 1999-2000 సీజన్‌లో 9 మ్యాచుల్లో 1415 పరుగులు, 8 సెంచరీలు కొట్టాడు. సెమీస్‌లో బెంగళూరు వెళ్లి కర్ణాటక మీద 353. ఒక సీజన్‌లో అన్ని పరుగులు ఇప్పటికీ ఎవరూ చేయలేదు. అయినా ఫైనల్ ముంబై చేతిలో ఓడాం. మరో పదేళ్లకు, 2010 నవంబరులో, జైపూర్‌లో 21 ఆలౌట్. రంజీ చరిత్రలోనే అతి తక్కువ స్కోరు. దీపక్ చాహర్‌కు అది మొదటి మ్యాచ్, 10 పరుగులకు 8 వికెట్లు.

ఇందులో అందరూ మర్చిపోయే సంగతి ఒకటి ఉంది. ఆ రోజు రాజస్థాన్ కూడా మనలాగే ప్లేట్ గ్రూపులో, అంటే కింది స్థాయి గ్రూపులో ఉంది. వాళ్లు అక్కడి నుంచి నేరుగా వెళ్లి ఆ ఏడాదే రంజీ గెలిచారు, మరుసటి ఏడాది మళ్లీ గెలిచారు. ప్లేట్‌లో పడితే కథ అయిపోయినట్టు కాదని జైపూర్‌లో మన ఎదురుగా ఆడినవాళ్లే చూపించారు.


గోదారి_గట్టు

ఆంధ్రా వైపు నుంచి ఒకణ్ణి రానివ్వండి. మీకు రెండు కప్పులున్నాయి. 1953లో సి.కె. నాయుడు గారు కెప్టెన్‌గా మొదలుపెట్టిన మా జట్టుకు ఇంతవరకు ఒక్కటీ లేదు. పైగా మీ 944/6 మా మీదే. రంజీలో ఇప్పటికీ అదే పెద్ద స్కోరు. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జైసింహా 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. 2002లో రాయుడు ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టిందీ మా మీదే. మా ఇంట్లో పెద్దవాళ్లు ఈ నంబర్లు ఇప్పటికీ అప్పజెబుతారు.

ఇప్పుడు మాత్రం పరిస్థితి తిరగబడింది. 2024 నవంబరులో మీ ఊళ్లోనే షేక్ రషీద్ 203 కొట్టాడు, లీడ్ మాదే.

మా బాధ వేరు. గట్టు దాకా వచ్చి జారిపోతున్నాం. 2023 క్వార్టర్ ఫైనల్, ఇండోర్. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110, మొత్తం 379. మధ్యప్రదేశ్‌ను 228కి ఆపేశాం. అంతకుముందే అవేశ్ ఖాన్ బంతికి మా హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి బ్యాట్స్‌మన్ కదా, ఆ చెయ్యి బౌలర్ వైపు రాకుండా ఎడమచేతివాటంగా తిరిగి నిలబడ్డాడు. ఒక్క చేత్తో ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లో కూడా అలాగే దిగాడు. మిగతావాళ్లందరికీ రెండు చేతులూ ఉండి 93కి ఆలౌట్ అయ్యాం. ఓడిపోయాం.

సరిగ్గా ఏడాదికి అదే ఇండోర్, అదే మధ్యప్రదేశ్, అదే క్వార్టర్ ఫైనల్. 170 కొట్టాలి. మూడో రోజు ఆట ముగిసేసరికి 95/4. చేతిలో ఆరు వికెట్లు, కావాల్సింది 75. క్రీజులో విహారి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 165 ఆలౌట్. నాలుగంటే నాలుగు పరుగులు.


ఉప్పల్_నార్త్‌స్టాండ్

@గోదారి_గట్టు అన్నా, ఆ నాలుగు పరుగుల మ్యాచ్ నేనూ ఫాలో అయ్యాను. హైదరాబాద్ ఫ్యాన్‌నే, కానీ ఆ రోజు ఆంధ్రా గెలవాలనే కోరుకున్నా. ఆ సీజన్ మొత్తానికి టాప్ స్కోరర్ కూడా మీ భుయ్యే కదా, 902 పరుగులు.

కానీ గమనించండి. మీ రెండు మ్యాచులు, మా నాగ్‌పూర్ మ్యాచ్, మూడింటిలోనూ గండి పడింది రెండో ఇన్నింగ్స్ బ్యాటింగ్‌లోనే. మీకు 93, 165. మాకు 161.


సీమ_స్పిన్

కరెక్ట్‌గా పట్టుకున్నావు బ్రో. నాలుగో రోజు పిచ్ మీద స్పిన్ ఆడటం మనవాళ్లకు రావడం లేదు. నాగ్‌పూర్‌లో హర్ష్ దూబేకు దొరికిపోయారు. ఆ కుర్రాడు ఆ సీజన్‌లో 69 వికెట్లు తీశాడు, రంజీలో ఒక సీజన్‌కు అదే రికార్డు. గులాం అహ్మద్, వెంకటపతి రాజు, అర్షద్ అయూబ్, శివలాల్ యాదవ్, ప్రజ్ఞాన్ ఓఝా లాంటి స్పిన్నర్లు ఎదిగిన ఊరి బ్యాట్స్‌మెన్ స్పిన్‌కు పడిపోవడం నాకు అన్నిటికన్నా బాధగా ఉంటుంది. లీగ్‌లో రోజూ అలాంటి స్పిన్ ఆడితే కదా అలవాటయ్యేది.


అండర్16_నాన్న

మా అబ్బాయి సికింద్రాబాద్ వైపు ఒక అకాడమీలో లెగ్‌స్పిన్ వేస్తాడు. అకాడమీ పేరు వద్దు. అక్కడ చూస్తున్నదే చెబుతాను.

నెట్స్‌లో ఒక్కొక్కరికి బ్యాటింగ్ పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో పిల్లలు చేసేది ఒకటే, ముందుకాలు పక్కకు తీసి గాల్లోకి లేపడం. మావాడు ఫ్లైట్ ఇచ్చి వేసిన బంతి పిల్లర్ దాటి వెళ్తే పేరెంట్స్ చప్పట్లు కొడతారు. ఎవరైనా అడుగు ముందుకేసి చక్కగా డిఫెండ్ చేస్తే, 'టైమ్ అయిపోతోంది, షాట్ ఆడు' అని బయటి నుంచి కేకలు. మావాడు కూడా నెమ్మదిగా వేయడం మానేసి ఫ్లాట్‌గా, ఫాస్ట్‌గా తోసేయడం మొదలుపెట్టాడు. బంతి తిరగడం తగ్గిపోయింది. ఇది చూస్తే నాకు టెన్షన్.

అయినా ఆ తల్లిదండ్రుల్ని తప్పు పట్టలేను. అందరి కళ్లూ ఐపీఎల్ వేలం మీదే. తిలక్ వర్మను చూస్తారు, సిరాజ్‌ను చూస్తారు. రంజీ ఆడితే ఏమొస్తుందో కూడా చాలామందికి తెలియదు.


స్కోర్‌బుక్

@అండర్16_నాన్న గారూ, లెక్క ఇదిగో. 2021లో బీసీసీఐ ఫీజులు పెంచింది. తుది జట్టులో ఉంటే, 20 మ్యాచుల లోపు ఆడినవాళ్లకు రోజుకు 40 వేలు. 21 నుంచి 40 మ్యాచుల వరకు 50 వేలు. ఆపైన 60 వేలు. బయట కూర్చున్న రిజర్వులకు అందులో సగం.

కొత్త కుర్రాడు ఏడు లీగ్ మ్యాచులూ ఆడాడనుకోండి. 28 రోజులు, 11 లక్షల 20 వేలు. చెడ్డ సంపాదన కాదు. కానీ ఐపీఎల్‌లో కనీస ధరకు అమ్ముడుపోయి సీజనంతా డగౌట్‌లో కూర్చున్నా అంతకన్నా ఎక్కువే వస్తుంది. పదిహేనేళ్ల పిల్లాడికి ఏది నేర్పించాలో ఇంట్లో నిర్ణయమయ్యేది ఇక్కడే.


పాత_జింఖానా

డబ్బు ఒక్కటే కారణం అనను. విదర్భ పిల్లలకూ ఐపీఎల్ ఉంది, సౌరాష్ట్ర పిల్లలకూ ఉంది. వాళ్లెలా గెలుస్తున్నారు?

నాకు కనిపించేది స్థిరత్వం. విదర్భ 2017-18, 2018-19లో వరసగా గెలిచినప్పుడు చంద్రకాంత్ పండిత్ కోచ్, డ్రెస్సింగ్ రూమ్‌లో వసీం జాఫర్ లాంటి పెద్దమనిషి. తర్వాత అదే పండిత్ మధ్యప్రదేశ్ వెళ్లి 2021-22లో వాళ్లకూ కప్పు ఇప్పించాడు. 2024-25లో విదర్భకు కరుణ్ నాయర్. ఫైనల్లో 86, 135 కొట్టాడు. బయటి నుంచి ఒకరిద్దరు గట్టివాళ్లను తెచ్చుకుని, వాళ్ల చుట్టూ సొంత పిల్లల్ని పెంచుకున్నారు.

మన దగ్గర అసోసియేషన్ గొడవలు ఎంతవరకు వెళ్లాయో అందరికీ తెలుసు. 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ నాగేశ్వరరావు గారిని ఏకసభ్య కమిటీగా వేస్తే తప్ప ఎన్నికలు కూడా జరగలేదు. పైవాళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతుంటే కింద అండర్-16 సెలెక్షన్ ట్రయల్స్ ఎవరు పట్టించుకుంటారు? 2022-23లో పైస్థాయి ఎలీట్ గ్రూపులో అట్టడుగున పడి ప్లేట్‌కు దిగిపోయాం. ఒకే ఒక్క పాయింట్‌తో. ఆ రోజు నేను పేపర్ పక్కన పెట్టేశాను.


ఉప్పల్_నార్త్‌స్టాండ్

కానీ సార్, ప్లేట్ నుంచి వచ్చిన తీరు చూడండి. 2024 జనవరి 26న తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోనే అంత వేగంగా ఎవరూ కొట్టలేదు. మొదటి రోజు ఆట ముగిసేసరికి 529/1. మర్నాడు 366 దగ్గర ఔటయ్యాడు, 26 సిక్సులు. శ్రీధర్ సార్ స్కోరు కూడా 366 కదా! ఇద్దరూ ఇదే జట్టు, ఇదే నగరం, మధ్యలో ముప్పై ఏళ్లు. తర్వాత తిలక్ కెప్టెన్సీలో ఉప్పల్‌లో మేఘాలయ మీద ఫైనల్ గెలిచి ఎలీట్‌కు వచ్చేశాం. ఒక్క ఏడాదిలో తిరిగి వచ్చాం.


స్కోర్‌బుక్

రికార్డు రికార్డే, తన్మయ్‌కు దండం పెట్టాలి. కానీ ఆ బౌలింగ్ మీద కొట్టిన 366తో ఎలీట్‌కు సిద్ధమయ్యామనుకుంటే ఇబ్బంది. తర్వాతి సీజన్‌లో గుజరాత్ చేతిలో, ఉత్తరాఖండ్ చేతిలో, విదర్భ చేతిలో ఓడాం. నాకౌట్‌కు మన గ్రూపు నుంచి విదర్భ, గుజరాత్ వెళ్లాయి.

ఇప్పుడున్న పద్ధతిలో పూర్తి విజయానికి 6 పాయింట్లు, ఇన్నింగ్స్ తేడాతోనో పది వికెట్లతోనో గెలిస్తే ఇంకొకటి. డ్రా అయితే లీడ్ ఉన్నవాళ్లకు 3, లేనివాళ్లకు 1. ఏడు మ్యాచులే. నాగ్‌పూర్ లాంటి మ్యాచ్‌లో లీడ్ తీసుకుని ఓడితే వచ్చేది సున్నా. ఆ 220 కొట్టలేకపోయినా వికెట్లు కాపాడుకుని డ్రా చేసుకుంటే 3 వచ్చేవి. కేరళ 2025 సెమీస్‌లో గుజరాత్ మీద గెలిచింది రెండు పరుగుల లీడ్‌తో, 457కి 455. చివరి వికెట్ షార్ట్ లెగ్‌లో ఉన్న సల్మాన్ నిజార్ హెల్మెట్‌కు తగిలి గాల్లోకి లేచిన క్యాచ్. అదృష్టం అంటారు. కానీ అంతకుముందు ఆ 457 కోసం కేరళ రెండు రోజులకు పైగా క్రీజులో పాతుకుపోయింది. ఆ ఓపిక మనకు కావాలి.


ఓరుగల్లు_పేసర్

అందరూ హైదరాబాద్ నగరం గురించే మాట్లాడుతున్నారు. పేరు హైదరాబాద్ అయినా ఈ జట్టు తెలంగాణ మొత్తానిది. నేను వరంగల్‌లో ఫాస్ట్ బౌలింగ్ వేసినవాణ్ణి, నా అనుభవం రాస్తాను.

మా దగ్గర మ్యాటింగ్ వికెట్. సిమెంట్ మీద చాప పరిచి నాలుగు మూలలా మేకులు కొట్టేవాళ్లం. బంతి ఎక్కడ పడ్డా నడుము ఎత్తుకు లేస్తుంది. నేను కొంచెం షార్ట్‌గా వేస్తే చాలు, బ్యాట్స్‌మన్‌కు చుక్కలు కనిపించేవి. అడుగున రబ్బరు ఉన్న బూట్లతోనే బౌలింగ్. ట్రయల్స్‌కని హైదరాబాద్ వచ్చిన రోజే మొదటిసారి టర్ఫ్ మీద వేశాను. స్పైక్స్ కూడా ఫ్రెండ్‌వే. కాలు నేలలో దిగబడి పట్టేస్తుంటే రనప్ కుదరలేదు. మా ఊళ్లో తలకు లేచే బంతి అక్కడ మెత్తగా నడుము కిందే ఉండిపోయింది, సిటీ కుర్రాడు వెనక్కెళ్లి పుల్ చేశాడు. నాకు దొరికింది పన్నెండు బంతులు. నా లెంగ్త్ ఏదో తెలుసుకునేలోపే 'నెక్స్ట్' అన్నారు.

నాకు టాలెంట్ ఉందో లేదో నేను చెప్పను. కానీ కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం, మహబూబ్‌నగర్ పిల్లలు ఇప్పటికీ చాలామంది అలాగే వస్తున్నారు. గొంగడి త్రిష భద్రాచలం అమ్మాయి. 2025 అండర్-19 వరల్డ్ కప్‌లో ప్లేయర్ ఆఫ్ ది సిరీస్. ఆ స్థాయికి రావడానికి వాళ్ల నాన్న కుటుంబాన్నే సికింద్రాబాద్ తీసుకొచ్చేశారు. ఎంతమంది నాన్నలు అలా రాగలరు?


సీమ_స్పిన్

@ఓరుగల్లు_పేసర్ అన్నా, ఈ విషయంలో ఆంధ్రా కొంచెం నయం. విజయనగరం, ఒంగోలు, మూలపాడు, కడప, అనంతపురం, అన్నిచోట్లా టర్ఫ్ మీద పెద్ద మ్యాచులు జరుగుతాయి. కె.ఎస్. భరత్ 308 కొట్టింది ఒంగోలు కాలేజీ గ్రౌండ్‌లో. రంజీలో ట్రిపుల్ కొట్టిన మొదటి వికెట్‌కీపర్ అతనే. విహారి 302 విజయనగరంలో. 2024 దులీప్ ట్రోఫీకి మా అనంతపురం ఆర్‌డీటీ గ్రౌండ్‌కు ఎంత జనం వచ్చారో నేను కళ్లారా చూశాను. శ్రీ చరణి మా కడప జిల్లా పల్లెటూరి పిల్ల, వరల్డ్ కప్ గెలిచిన జట్టులో ఉంది.

రషీద్ గుంటూరు నుంచి, నితీశ్ రెడ్డి విశాఖ నుంచి. ఒక్క ఊరి మీద ఆధారపడలేదు.


గోదారి_గట్టు

గ్రౌండ్లు ఉన్నాయి, నిజమే. కానీ మాకూ ఇంట్లో గొడవలు తక్కువేం కాదు. ఆ నాలుగు పరుగుల మ్యాచ్ అయిన రోజే విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్ట్ పెట్టి, ఇక ఆంధ్రాకు ఆడనన్నాడు. తర్వాత తిరిగొచ్చాడు, 2025లో మళ్లీ త్రిపురకు వెళ్లిపోయాడు. విరిగిన చేత్తో ఆడినవాణ్ణి నిలబెట్టుకోలేకపోయాం. ఎవరిది తప్పు అన్న చర్చలోకి నేను వెళ్లను. ఒక సీనియర్ పోతే డ్రెస్సింగ్ రూమ్‌లో పిల్లలకు నాలుగో రోజు ఎలా ఆడాలో చెప్పేవాడు పోయినట్టే.


డల్లాస్_తెలుగోడు

ఇక్కడ రాత్రిపూట స్కోర్లు చూసుకుంటూ గడిపేస్తాం. ఒక సందేహం. బయటి రాష్ట్రాల ప్రొఫెషనల్స్‌ను మనం ఎందుకు తీసుకోకూడదు? విదర్భ, కేరళ తీసుకున్నాయి కదా.


స్కోర్‌బుక్

తీసుకోవచ్చు. కేరళకు జలజ్ సక్సేనా, సర్వాటే ఎంత ఉపయోగపడ్డారో చూశాం. నా ఓటు ఒక స్పిన్ ఆల్‌రౌండర్‌కు, నాలుగైదు స్థానాల్లో ఆడే ఒక అనుభవజ్ఞుడికి. మూడో మనిషి వద్దు.


పాత_జింఖానా

నేను ఒక్కణ్ణే ఒప్పుకుంటాను, అదీ బ్యాట్స్‌మన్‌ను. స్పిన్నర్‌ను బయటి నుంచి తెచ్చుకోవడం హైదరాబాద్‌కు తగదు. మొయినుద్దౌలా టోర్నీలో ఇంగ్లండ్ దిగ్గజాలు హాబ్స్, సట్‌క్లిఫ్ ఆడిపోయిన ఊరు ఇది. ఇక్కడి పిల్లల్లో స్పిన్నర్ దొరకడా?


ఓరుగల్లు_పేసర్

దొరుకుతాడు సార్. కానీ ట్రయల్స్‌లో పన్నెండు బంతులు చూసి స్పిన్నర్‌ను ఎలా పట్టుకుంటారు? ప్రతి పాత జిల్లా కేంద్రంలో రెండు టర్ఫ్ వికెట్లు వేయించి, జిల్లా జట్ల మధ్య మూడు రోజుల మ్యాచులు పెట్టండి. సెలెక్టర్లు అక్కడికి వచ్చి, రెండో ఇన్నింగ్స్‌లో ఇరవై ఓవర్లు వేసేవాణ్ణి చూడాలి.


అండర్16_నాన్న

జింఖానా సార్, మీరు స్పిన్నర్ల మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మావాడికి పదిహేనేళ్లు. అకాడమీలో కోచ్ 'ఫ్లాట్‌గానే వెయ్, టీ20లో అదే నడుస్తుంది' అంటున్నారు. అకాడమీ మార్పించాలా, అలాగే వదిలేయాలా?


పాత_జింఖానా

అకాడమీ మార్పించకండి, బంతి తిప్పడం మళ్లీ మొదలుపెట్టించండి. అకాడమీ అయ్యాక రోజూ ఒక అరగంట, బ్యాట్స్‌మన్ లేకుండా, ఒకే స్టంప్ పెట్టి వేయమనండి. పాత బంతి ఇవ్వండి. సిక్సులు పోతాయని భయపడొద్దని ఇంట్లో మీరే చెప్పాలి, ఆ వయసులో నాన్న మాట కోచ్ మాట కన్నా ఎక్కువ పనిచేస్తుంది. మూడు రోజుల లీగ్ ఆడే క్లబ్ ఏదైనా చూసి చేర్పించండి, మ్యాచులు తక్కువ దొరికినా సరే. ఆదివారం పొద్దున నేను జింఖానా గ్రౌండ్ దగ్గరే ఉంటాను. బాబును తీసుకురండి, ఒక గంటసేపు చూస్తాను.